నీళ్లకు లెక్కే కాదు, తారీఖు గూడ కావాలె

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలు అని ఊరూరా నినదించినోళ్లం మనం. ఆ ఉద్యమం మనకు టీఎంసీల లెక్క నేర్పింది. ఇంటర్ పిలగాడు సైతం కృష్ణల 811 టీఎంసీలని గడగడ చెప్పిండు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2015ల ఆ 811 నుంచి మనకు 299 అని తాత్కాలికంగ రాసుకున్నరు. ఆ అన్యాయం మీద కొట్లాట వేరే ఉన్నది. నేనియ్యాల అడిగేది ఇంకో ముచ్చట. వచ్చిన నీళ్లు ఏ తారీఖు నాడు మడిలకు వస్తయ్?

గోధుమను చూడుండ్రి. మన జహీరాబాద్, ఆదిలాబాద్ దిక్కు కొద్దిగ ఏస్తరు గని, అది పంజాబ్, హర్యానాల పంట. అక్కడ పంటకాలంల సుమారు ఆరు తడులు కడ్తరు. ఆరింట్ల ఒక్కటే దొరికితే? విత్తిన 20-25 రోజులకు కట్టాలె. అప్పుడే మొక్క మొదట్ల, భూమికి జర కింద, కిరీటం వేర్లు పుడ్తయ్. పైమన్ను ఎండితే ఆ వేర్లు దిగవు, పిలకలు రావు. అటెన్క కాలువంత మలిపినా పోయిన పిలక తిరిగి రాదు. పూతకు, గింజ పాలు పోసుకునే యాళ్లకు మళ్ల తడి గావాలె. గింజ బరువెక్కినంక గాలి రోజు కడితే మాత్రం పైరు ఒరిగిపోతది. అంటే అవే నీళ్లు ఒకనాడు పంటను నిలబెడ్తయ్, ఇంకోనాడు పండబెడ్తయ్.

మరి అక్కడి రైతు ఆ రోజును ఎట్ల అందుకుంటడు? వారాబందీ. వారంల ఉన్న 168 గంటలను తూము కింది ఆయకట్టుకు ఎకరాల లెక్కన పంచుతరు. ఫలానా రైతుకు ఫలానా రోజు, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాక అని కాయితం మీద ఉంటది. రాత్రి వంతు ఎప్పటికీ ఒక్కని నెత్తినే పడకుంట కొన్ని చోట్ల ఏటా 12 గంటలు జరుపుతరు. కాలువకు గోధుమ తెల్వది. తన వంతు ఎరుకైన రైతే విత్తే రోజును దానికి సరిజూసుకుంటడు. అక్కడంత బంగారమని నేననను. కాలువ చివరోనికి అక్కడ గూడ తక్కువే. బోర్లతోని తోడి తోడి భూమిల నీళ్లు అడుగంటిచ్చుకున్నరు. అయినా కాయితమంటూ ఉంటే పట్టుకపోయి నిలదీయొచ్చు.

మనకిది కొత్త గాదు. చెరువు కింద నీరటి ఏ మడికి ఎంతసేపో ఎరిగి మలిపెటోడు. పెద్ద కాలువల కాడికొచ్చేసరికి ఆ ఎరుక పక్కకు వోయింది. శ్రీరాంసాగర్‌కు 1963ల పునాదిరాయి వేసిండ్రు. కాకతీయ కాలువ పొడుగు 284 కిలోమీటర్లు. గేట్లెత్తిన తారీఖు ఒకటి, చివరి తూముకు నీళ్లందే తారీఖు ఇంకోటి. పేపర్ల ఫొటో వచ్చేది మొదటిదానికి. చివరి రైతుకు గావాల్సింది రెండోది. అది తెల్వక యాసంగిల మక్క ఏసినోడు, సరిగ్గ పీచు పట్టేనాడు కాలువ బందుంటే, కంకి నిండక మునుగుతడు.

అందుకే ఉద్యోగ మిత్రులను, ముఖ్యంగ నీటిపారుదల శాఖల పనిచేసేటోళ్లను అడుగుతున్న. రైతు యాసంగికి విత్తనం కొనకముందే ఏ డిస్ట్రిబ్యూటరీ ఏ రోజుల నడుస్తదో, ఏ రోజుల బందుంటదో పంచాయతీ గోడ మీద రాయించుండ్రి. విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెండ్లు సెలవులకు ఊరికి పోయినప్పుడు చివరి తూము కాడికి నడువుండ్రి. నీళ్లొచ్చిన తారీఖు, బందైన తారీఖు నోట్‌బుక్కుల రాసుకొని రాండ్రి. గోడ మీది తారీఖు, మీ నోట్‌బుక్కు తారీఖు పక్కపక్కన పెట్టి ఈ పత్రికల్నే అచ్చేద్దాం.