కరెంటు కంచె: తీగా, ముడీ

చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు వైపు అడవి అంచు రైతుకు ఒకప్పుడు వెదురు దడి, రేగుకంప, మంచె మీద రాత్రంతా డబ్బా మోత, ఇవే కాపలా. దడిని చెదలు తినేది, కంపను పందులు తోసుకుపోయేవి. తర్వాత ముళ్లతీగ వచ్చింది. 1874లో అమెరికాలో గ్లిడెన్ అనే రైతు పేటెంటు తీసుకున్న సరుకది. పశువు ఒళ్లు చీరేది గానీ అడవిపందిని పెద్దగా ఆపలేదు.

కరెంటు కంచె పుట్టుక అంతకన్నా చేదు. 1915లో జర్మన్ సైన్యం బెల్జియం, హాలండ్ సరిహద్దు వెంట కరెంటు తీగ లాగింది. దాటబోయి వందల మంది చచ్చిపోయారు. పశువుల కోసం దాన్ని మచ్చిక చేసింది 1930ల్లో. న్యూజిలాండ్‌లో బిల్ గల్లఘర్ అనే రైతు కారుకు అతని గుర్రం ఒళ్లు రుద్దుకునేదట. దాన్ని తప్పించడానికి చేసిన ఏర్పాటే పెద్ద వ్యాపారమైంది. 1960ల్లో అక్కడే డగ్ ఫిలిప్స్ అనే శాస్త్రవేత్త, గడ్డి తగిలినా దెబ్బ చచ్చిపోని పెట్టె తయారుచేశాడు. మన రైతులు జట్కా మిషన్ అంటున్నది దాని వారసురాలే.

మన దగ్గర మధ్యలో ఇంకో కథ నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. పాల్వంచలో 1966లో థర్మల్ కేంద్రం మొదలైంది, తర్వాత్తర్వాత లైన్లు అడవి పల్లెలకూ పాకాయి. ఆ లైనుకే కొక్కెం తగిలించి పందుల దారిలో తీగ పరిచేవాళ్లు తయారయ్యారు. పందికి పెట్టిన తీగ ఎద్దునీ, తెల్లవారుజామున చేను చూడబోయిన మనిషినీ చంపుతుంది. అది నేరం కూడా. మరి ఇంట్లో 230 వోల్టులే ప్రాణం తీస్తుంటే, వేల వోల్టుల జట్కా ఎందుకు తీయదు? లైను కరెంటు ఆగకుండా పారుతుంది, కండరం బిగుసుకుని చెయ్యి వదలదు. జట్కా సెకనుకోసారి, సెకనులో వందో వంతు కన్నా తక్కువసేపు కొట్టి ఆగుతుంది. వదిలించుకునే వ్యవధి దొరుకుతుంది.

పెట్టె కొన్నాక అసలు పని తీగది. రెండున్నర మిల్లీమీటర్ల జీఐ తీగ, అంటే జింకు పూత పూసిన ఇనుప తీగ, కిలోమీటరుకు ముప్పై అయిదు ఓమ్‌ల దాకా అడ్డుపడుతుంది. అదే లావు అల్యూమినియమైతే ఆరే, కానీ సాగిపోతుంది, పంది గుద్దితే తెగుతుంది. సన్న స్టీలు పోగులు కలిపి నేసిన ప్లాస్టిక్ తాడు చవక రకమైతే వేల ఓమ్‌లు. మేకల దొడ్డి చుట్టూ నాలుగు రోజులు కట్టి విప్పడానికి బాగుంటుంది, ఎకరాల చేనుకు పనికిరాదు. నా ఓటు జీఐకే.

ఎక్కువమంది దెబ్బతినేది ముడి దగ్గర. ఇంట్లో మిగిలిన రాగి వైరు ముక్క తెచ్చి జీఐ తీగకు చుడతారు. వాన తగలగానే రెండు లోహాలకీ పడదు. జింకు పూత తెల్లగా పొడిలా రాలుతుంది, కింద తుప్పు ఎర్రగా లేస్తుంది. తీగ బిగువుగానే ఉంటుంది, మిషన్ టక్కుటక్కుమంటూనే ఉంటుంది, అవతలి మూల మాత్రం పంది దర్జాగా దూరుతుంది. జీఐకి జీఐనే కలపాలి, చుట్టి వదిలేయకుండా బోల్టు క్లాంపుతో బిగించాలి. పచ్చి వెదురు గుంజకు తీగ నేరుగా కట్టకూడదు, మధ్యన ఇన్సులేటర్ ఉండాలి.

దెబ్బ పశువు గిట్టల గుండా నేలలోకి దిగి, ఎర్త్ రాడ్ పట్టుకుని మిషన్‌కు తిరిగి రావాలి. మే నెలలో నేల ఎండి బీటలువారితే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే రాడ్లు మూడన్నా దిగ్గొట్టాలి, చుట్టూ తడి ఉండాలి. అదీ చాలని చోట ఒక తీగకు దెబ్బ, పక్క తీగను ఎర్త్‌కు కలుపుతారు. రెండూ ఒకేసారి తగిలిన పందికి నేలతో పనిలేదు.

చెడ్డ ముడిని వెతకడానికి ట్రాన్సిస్టర్ చాలు. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి, తీగకు తగలకుండా కంచె పక్కన నడవండి. నిప్పురవ్వ ఎగిరే ముడి దగ్గర టప్పుటప్పుమని మోత పెరుగుతుంది. మిషన్ ఆపి ఆ ముడి విప్పి, తీగను గీకి, మళ్లీ బిగించండి.