రెండో కుప్ప



మా మాస్టారి దగ్గర చదివినవాళ్లు అనంతపురంలోని ఈ హాల్లో చాలామందే ఉన్నారు. వాళ్లందరికీ ముందు గుర్తొచ్చేది ఆయన చొక్కా జేబే అయ్యుంటుంది. అందులో ఎప్పుడూ వేయించిన బుడ్డలు, అదే వేరుశనగ గింజలు, ఉండేవి. పాఠం మధ్యలో ఒకటి తీసి, నలిపి, పొట్టు ఊది, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ తర్వాతే నోట్లో వేసుకునేవారు. ఎందుకు సార్ అని ఒకసారి అడిగాను. "చేదు గింజ నాలిక్కి తగిలినాక ఉమ్మేది ఏం గొప్పరా, తగలకముందే పట్టుకోవల్ల" అన్నారు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత, ప్రయోగశాలలో చేరిన కొత్తలో, ఒక చీకటి గదిలో ఆ మాట గుర్తొచ్చింది. ఆ రోజుల్లో పరీక్ష ఇలా చేసేవాళ్లం. పప్పుల్ని నూరి, క్లోరోఫాంలో వేసి బాగా కుదిపి, వడగట్టేవాళ్లం. ఆ రసం ఆరిపోతే అడుగున కాస్త జిడ్డు మిగిలేది. దాన్ని కరిగించి, సూదిమొనంత చుక్కను సిలికా పూసిన గాజు పలక మీద పెట్టి, పలకను ద్రావకంలో నిలబెట్టేవాళ్లం. ద్రావకం పైకి పాకుతూ చుక్కలోని పదార్థాలను విడదీస్తుంది. ఆరిన పలకను చీకట్లోకి తీసుకెళ్లి అతినీలలోహిత దీపం కింద పెడితే, అంతవరకు తెల్లగా బోసిగా ఉన్న పలక మీద ఒక నీలి చుక్క వెలిగింది. చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. ఆ పప్పుల్ని అంతకుముందు నేను వాసన చూశాను. ఏ తేడా తెలియలేదు. చేదు గింజను ఉమ్మేయడం మంచిదే. కానీ విషమున్న ప్రతి గింజా చేదుగా ఉండదు, ప్రతి గింజా బూజు వాసన వేయదు.

ఆ చుక్క పేరు అఫ్లటాక్సిన్ బి1. దాని చరిత్ర ఈ ఊళ్లో చెప్పడానికి కారణం వేరే చెప్పనక్కర్లేదు. వానకాలంలో మన చుట్టూ ఎటు చూసినా బుడ్డల చేలే గదా.

కథ మాత్రం ఇంగ్లండులో మొదలవుతుంది. 1960లో అక్కడి దక్షిణ, తూర్పు ప్రాంతాల్లో టర్కీ కోడి పిల్లలు ఉన్నట్టుండి చచ్చిపోసాగాయి. మేత మానేసి, రెక్కలు వేలాడేసి, వారం తిరక్కుండానే మెడ వెనక్కి విరుచుకుని పడిపోయేవి. కొద్ది నెలల్లో లక్షకు పైగా పోయాయి. టర్కీ అంటే అక్కడ క్రిస్మస్ విందు, అంటే డబ్బు. ఏ సూక్ష్మజీవీ దొరక్కపోవడంతో జబ్బుకు 'టర్కీ ఎక్స్' అని పేరు పెట్టారు. చివరికి అన్ని దారులూ ఒకే మేత దగ్గర కలిశాయి. బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చిన వేరుశనగ చెక్క అది. దాన్ని బాతు పిల్లలకు పెడితే అవీ చచ్చాయి. పరిశోధకులకు బాతు పిల్లే కొలబద్ద అయింది, ఎందుకంటే ఈ విషాన్ని దానికంటే తొందరగా పట్టిచ్చే జీవి అప్పటికి లేదు. 1961లో ఆ చెక్కలోంచి ఒక బూజును పట్టుకున్నారు. పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. ఆస్పర్జిల్లస్‌లోని 'అ', ఫ్లేవస్‌లోని 'ఫ్ల' కలిపి దాని విషానికి అఫ్లటాక్సిన్ అన్నారు. దీపం కింద నీలంగా వెలిగేదానికి బి, ఆకుపచ్చగా వెలిగేదానికి జి. ఇంగ్లీషులో ఆ రంగుల పేర్ల మొదటి అక్షరాలవి. 1963లో అమెరికాలోని ఎంఐటీలో బుకీ, వోగన్ బృందం దాని అణు నిర్మాణం తేల్చింది. అదే చెక్క తిన్న ఎలుకలకు కాలేయ క్యాన్సర్ వచ్చిందని అప్పటికే తెలిసిపోయింది. ఆ మేత తిన్న ఆవుల పాలల్లోకి కూడా ఈ విషం కొంచెం రూపు మార్చుకుని దిగుతోందని తేలింది. ఇదంతా మూడేళ్లలో జరిగింది. కోడి పిల్లలు చచ్చిన మూడేళ్లలో.

ఈ వేగాన్ని మనసులో పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

సరిగ్గా ఆ కాలంలో మన దేశంలో వేరుశనగ మీద పెద్ద ఆశలుండేవి. నూనె తీసిన తర్వాత మిగిలే పిండిలో మాంసకృత్తులు పుష్కలం, ధర చవక. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ దాన్ని శుభ్రంగా తయారుచేసి, నాలుగింట మూడు వంతులు వేరుశనగ పిండి, ఒక వంతు శనగపిండి కలిపి, విటమిన్లు చేర్చి, బహుళార్థసాధక ఆహారంగా తెచ్చింది. ఆ పని చేసినవాళ్లను ఈనాడు తప్పుపట్టడం చాలా తేలిక. నేను పట్టను. బక్కచిక్కిన పిల్లలకు ఇంతకంటే మంచి ఆహారం అంత తక్కువలో ఎవరివ్వగలిగారు?

1971లో మైసూరు వైద్యులు, శాస్త్రవేత్తలు కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. రాసినవారిలో ఆ సంస్థ శాస్త్రవేత్తలూ ఉన్నారు. మాంసకృత్తుల లోపంతో ఒళ్లు ఉబ్బిన పిల్లలకు వైద్యంగా వేరుశనగ పిండి పెట్టారు. ఆ పిండిలో కిలోకు 300 మైక్రోగ్రాముల అఫ్లటాక్సిన్ ఉందని తర్వాత బయటపడింది. కొందరు పిల్లలు దాన్ని తిన్నది అయిదు రోజులే, ఎక్కువ తిన్నవాళ్లు నెల. ఆ పిల్లల్లో తర్వాత కాలేయం గట్టిపడి సిరోసిస్‌గా మారింది. తమ ఊళ్లో జరిగిన తప్పును తామే అచ్చు వేయించుకున్న ఆ మనుషులంటే నాకు గౌరవం. మందుగా పెట్టిన ముద్దలోనే విషముందని రాయడానికి ఎంత గుండె కావాలో ప్రయోగశాలలో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది.

పిల్లలకు పెట్టే వేరుశనగ పిండిలో కిలోకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ఐక్యరాజ్య సమితి సంస్థల సలహా సంఘం 1960లలోనే చెప్పింది. కిలోకు 30 మైక్రోగ్రాములంటే వంద కోట్ల పాళ్లలో 30. మన కల్తీ నిరోధక నిబంధనల్లోనూ చాలాకాలం ఇదే అంకె ఉండేది.

ఇక హైదరాబాదుకు వద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో, మెక్‌కారిసన్ అనే దొర బెరిబెరి మీద చేసిన పరిశోధనతో పుట్టింది. 1958లో హైదరాబాదుకు మారింది. 1974 చివర్లో అక్కడి బృందం ఒకటి రాజస్థాన్‌లోని బన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలకు వెళ్లింది. అక్కడ గిరిజన గూడేల్లో కామెర్లు చెలరేగాయి. కళ్లు పచ్చబడటం, పొట్టలో నీరు చేరడం, ఆపైన చావు. అంటువ్యాధి అనుకున్నారు. కానీ అంటువ్యాధి ఇల్లిల్లూ పాకుతుంది. ఇది మాత్రం మొక్కజొన్న రొట్టె ప్రధానంగా తినే ఇళ్లకే పరిమితమైంది. మరో ఆనవాలు కుక్కలు. ఆ ఇళ్లలో మిగిలిన రొట్టె తిన్న ఊరకుక్కలకూ కామెర్లు వచ్చాయి, పొట్టలు ఉబ్బాయి. కోతల వేళ అకాల వర్షానికి కంకులు తడిశాయి. తడిసినవాటినే గాదెల్లో పోశారు. బూజు పట్టినా పారేయలేదు, పారేస్తే తినడానికి వేరే లేదు మరి. కృష్ణమాచారి, భట్, నాగరాజన్, తిలక్ కలిసి 1975లో లాన్సెట్ పత్రికలో రాసిన నివేదికలో 397 మంది రోగులు, 106 మరణాలు నమోదయ్యాయి. మగవాళ్లు ఆడవాళ్లకు రెట్టింపు. ఆ మొక్కజొన్నలో కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా విషముంది. మైక్రో కాదు, మిల్లీ. 30 మైక్రోగ్రాముల హద్దుకు వందల రెట్లు. పెద్దవాళ్లు రోజుకు 2 నుంచి 6 మిల్లీగ్రాముల చొప్పున వారాల తరబడి తిన్నారు.

లక్ష టర్కీలకూ ఆ 106 మందికీ మధ్య పద్నాలుగేళ్లున్నాయి. విషం పేరు, బూజు పేరు, పరీక్ష పద్ధతి, హద్దు, అన్నీ ఒక్కొక్కటిగా తెలిసిన పద్నాలుగేళ్లు. ఆ తెలివిడి మాత్రం ఆ గూడేల గాదెల దాకా చేరలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2004లో, కెన్యాలో అచ్చం ఇలాగే తడిసిన మొక్కజొన్న 317 మందిని పడగొట్టింది, 125 మంది చనిపోయారు.

ఇవి ఒక్కసారిగా విరుచుకుపడిన విషాలు. వీటికి కామెర్లున్నాయి, శవాలున్నాయి, కాబట్టి లెక్కకెక్కాయి. రోజూ కొంచెంగా లోపలికి పోయేదానికి ఇవేవీ ఉండవు. కాలేయం ఈ విషాన్ని వదిలించుకుందామని దాని రూపు మారుస్తుంది. మారిన ఆ రూపమే అసలు పదునైనది, నేరుగా వెళ్లి డీఎన్ఏకు అతుక్కుంటుంది. ఇల్లు ఊడ్చబోయి నిప్పంటించుకున్నట్టు. షాంఘైలో 18 వేలమందికి పైగా మగవాళ్ల మీద జరిగిన పరిశీలన 1990లలో ఇంకొకటి చెప్పింది. ఒంట్లో ఈ విషం ఆనవాళ్లు మాత్రమే ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు 3 రెట్లకు పైగా, హెపటైటిస్ బి మాత్రమే ఉన్నవారికి 7 రెట్లు. రెండూ ఉన్నవారికి పది కాదు, దాదాపు 60 రెట్లు. హెపటైటిస్ టీకాకూ బుడ్డలకూ ఏం సంబంధమని అడిగే పిల్లలకు నేను ఈ అంకె చెబుతాను.

ఇప్పుడు మన చేల దగ్గరికి. ఈ బూజు నేలలోనే ఉంటుంది. కాయ ఊరే సమయంలో వాన మొహం చాటేసి నేల వేడెక్కితే, మొక్క తన కాయను కాపాడుకోలేదు. అంటే అనంతపురం రైతుకు కరువు రెండుసార్లు నష్టం చేస్తుంది, ఒకసారి దిగుబడిలో, ఇంకోసారి కంటికి కనిపించకుండా. పీకిన కట్టె వాన పాలైతే అదో దెబ్బ. పచ్చి మీదే వామి వేస్తే ఇంకోటి. మా అమ్మ విత్తనం ఒలవడానికి ముందు రాత్రి కాయల మీద నీళ్లు చిలకరించి, గోనెపట్టా కప్పేది. తెల్లారేసరికి పొట్టు మెత్తబడి పప్పు చీలకుండా వస్తుంది, వేళ్లు నొప్పెట్టవు. విత్తనానికి పోగా మిగిలినవి మాకు. చాలా ఏళ్లకు శాస్త్రవేత్తలు రైతులకిచ్చిన 'చేయకూడని పనుల' జాబితాలో ఆ చిలకరింపు కనబడింది. అమ్మకు చెప్పాను. "ఒగ దినం వచ్చి పొడి కాయలు వొలిసి సూడు" అంది. జాబితా రాసినవాళ్ల దగ్గర దీనికి జవాబుందో లేదో గానీ నా దగ్గరైతే లేదు.

పటాన్‌చెరులో 1972లో వెలిసిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దీనిపై చాలాకాలం పనిచేసింది. పూర్తిగా తట్టుకునే వంగడం కోసం దశాబ్దాలు వెతికారు, దొరకలేదు. దొరికింది వేరొకటి. అక్కడి వైరాలజిస్ట్ డి.వి.ఆర్. రెడ్డి, సహచరులు ఈ విషాన్ని పట్టే ప్రతిరక్షకాలను తయారుచేసి, వాటితో చేసే ఎలీసా పరీక్షను చవకగా, తేలిగ్గా మార్చారు. నా గాజు పలకలకు అప్పుడే సెలవు. ఆ పరీక్షతోనే 1998, 1999లలో ఆంధ్రప్రదేశ్ మిర్చి యార్డుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో 182 నమూనాలు చూశారు. 59 శాతంలో విషముంది, 18 శాతంలో హద్దు దాటింది. అన్నిటికంటే ఎక్కువగా, కిలోకు 969 మైక్రోగ్రాములు, మూడో రకం కాయలో కనబడింది. రంగు పోయి, దెబ్బతిన్న కాయను మన యార్డుల్లో తాలు అంటారు. తాలును తొడిమతో సహా చేతిలోకి తీసుకుని బేరమాడేవాళ్లను చూశారా? దాన్ని ఎవరూ కాయగా కొనరు. పొడి చేశాక అది తాలో మేలో చెప్పగలిగే కన్ను లేదు.

మళ్లీ ఆ వేగం సంగతి. విషాన్ని పట్టుకోవడానికి మూడేళ్లు చాలాయి, హద్దు ఎవరి ముద్దను కాపాడాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. 1998లో యూరప్ నేరుగా తినే వేరుశనగకు కిలోకు 4 మైక్రోగ్రాములని హద్దు గీసింది. అది మరీ బిగువని ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు లెక్కలు వేశారు. యూరప్‌లో ఏటా వంద కోట్ల మందికి ఒకటిన్నర కంటే తక్కువ చావులు తప్పించడానికి ఆఫ్రికా దేశాలు 67 కోట్ల డాలర్ల ఎగుమతులు పోగొట్టుకుంటాయని తేల్చారు. ఆ లెక్క మీద వాదనలున్నాయి. నాకు తోచేది వేరు. ఎగుమతి కాని సరుకును ఎవరు తింటారన్న ప్రశ్న అందులో లేదు. మన దేశంలో ఇప్పుడు నేరుగా తినే గింజలకు 10, ఇంకా తయారీకి పోయేవాటికి 15 హద్దు. కాగితం మీద మంచి అంకెలే.

కానీ ఈ విషం సమంగా పరుచుకునేది కాదు. వేల గింజల్లో ఒకదానిలో దాక్కుంటుంది. ఒక్క గింజలోనే కిలోకు పది లక్షల మైక్రోగ్రాముల లెక్కన చూసినవాళ్లున్నారు. అరగ్రాము బరువున్న అలాంటి గింజ ఒక్కటి 33 కిలోల మంచి పప్పును ఆ 15 హద్దు దాకా తెచ్చిపెట్టగలదు. అందుకే ఏరడమే ఇప్పటికీ అన్నిటికంటే బాగా పనిచేసే ఉపాయం. ఏరితే విషం నశించదు, ఒకచోట పోగవుతుంది.

ఈ జిల్లాలోనే ఒక మిల్లుకు వెళ్లాను. పేరు అవసరం లేదు. షెడ్డులో ఇరవై మంది ఆడవాళ్లు బెల్టుకు రెండు పక్కలా కూర్చున్నారు. పప్పులు కదిలిపోతుంటే ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, పొర చిట్లినవీ వాళ్ల వేళ్లు కొంగ చేపను పట్టినట్టు పట్టుకుంటున్నాయి. మాస్టారి ముక్కుకు సాటి వేళ్లవి. ఓడెక్కే సరుకు ఒకవైపు తెల్లని సంచుల్లోకి పోతోంది. ఏరినవి గోడవారగా కుప్ప పడుతున్నాయి. ఆ కుప్పకు వేరే ధర ఉంటుందనీ, కొనేవాళ్లు వాళ్లే వచ్చి తీసుకెళ్తారనీ మేనేజరు చెప్పాడు. ఎక్కడికి తీసుకెళ్తారని అడిగితే ఫోనొచ్చిందని బయటికెళ్లాడు.

బెల్టు చివర కూర్చున్న ఆమెను అడిగాను. చేతులాపకుండానే నా వైపు చూసింది.

"యాడికి పోతాయి సార్? మనూర్లేకే. నూనెకు కొన్ని, చిక్కీకి కొన్ని. చెక్క బర్రెలకేస్తారు."

నాకోసం దోసెడు పప్పులు కాగితంలో పొట్లం కట్టింది, దావలో తినండి అని. ఏ కుప్పలోంచి తీసిందో నేను చూసుకోలేదు.