సెట్‌లో పలికిన ప్రతి గొంతూ మనవాడిది కాదు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కృత్రిమ మేధ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "అయ్యా, నేను ఇంటర్ చదివి సిగ్నల్స్‌లో చేరినవాణ్ణి, ఎవరైనా ఇంజనీరును పిలవండి" అన్నాను. "ఆదివారాలు పిల్లలకు చెబుతున్నారు కదా, అదే మాకూ చెప్పండి" అన్నారు. ఆ యంత్రాన్ని ఎలా తయారు చేస్తారో నేను చెప్పలేను. అది చెప్పిన మాటను ఎలా పుచ్చుకోవాలో మాత్రం చెబుతాను. సిగ్నల్స్ వాడికి అది పాత పనే.

1994 చలికాలం. కాశ్మీరులో ఒక పోస్టు. రాత్రి డ్యూటీలో సెట్ మీద నేనున్నాను. మా కాల్‌సైన్‌తో ఎవరో పిలిచారు. చక్కటి ఫౌజీ హిందీ, తొణకని గొంతు. "మీ పెట్రోల్ ఎక్కడిదాకా వచ్చింది? లొకేషన్ పంపు" అన్నాడు. నేను చెప్పబోయాను. పక్కనే కంబళి కప్పుకుని పడుకున్న మా ఉస్తాద్ ఒక్క ఉదుటున లేచి హ్యాండ్‌సెట్ లాక్కుని ఆథెంటికేషన్ అడిగాడు. అంతే, అవతలి గొంతు ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. అదెవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రాత్రి పెట్రోల్‌లో మనవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు.

ఉస్తాద్ తిట్టలేదు. "వాడు మనవాడని నీకెలా తెలిసింది?" అని ఒక్కమాట అడిగాడు. "బాగా మాట్లాడాడు ఉస్తాద్" అన్నాను. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక పిల్లల సంగతి. పోయిన ఏడాది ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి కల్నల్ సంతోష్ బాబు గురించి హోంవర్కు రాసుకొచ్చి మా ఆదివారం క్లాసులో చదివింది. ఫోన్లో ఒక యాప్‌ను అడిగి రాసింది. భాష ముచ్చటగా ఉంది, స్కూల్లో పదికి పది మార్కులు కూడా వచ్చాయి. అందులో ఆయనకు పరమవీర చక్ర వచ్చిందని ఉంది. నేను ఆపమన్నాను. మన సూర్యాపేట బిడ్డ, 16 బీహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో అమరుడైనవాడు. 2021 గణతంత్ర దినోత్సవం నాడు ఆయనకు ప్రకటించింది మహావీర చక్ర. "ఇది నిజమని నీకెలా తెలుసమ్మా?" అంటే, "అంత బాగా రాసింది కదా అంకుల్!" అంది. అది అచ్చం నా జవాబే.

అక్కడే ఉన్న ఒక తండ్రి, "పరమవీర అంటే ఇంకా గొప్పే కదా సాబ్, పోయిందేముంది?" అన్నారు. పోతుందండీ. ఇవ్వని పతకాన్ని అంటగడితే రేపొకడు జాబితా తీసి, అందులో పేరు లేదే, ఇదంతా కట్టుకథేనా అంటాడు. ఇచ్చిన పతకం మీద కూడా అనుమానం పడుతుంది. ప్రాణం ఇచ్చినవాడి విషయంలో ఒక్క మాట ఎక్కువైనా తప్పే.

యంత్రం కావాలని అబద్ధం చెప్పిందా అని పిల్లలు అడిగారు. లేదు. మనుషులు రాసిన కోట్ల పేజీలు దానికి నేర్పారు. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్క కట్టి అది వాక్యం అల్లుతుంది. వీరుడు, అమరుడు అన్న మాటల పక్కన పరమవీర అన్న మాట కుదురుగా ఒదుగుతుంది, అలా అల్లేసి ఉంటుంది. కొన్ని యాప్‌లు ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతికి లింకులు కూడా ఇస్తున్నాయి. మంచిదే, కానీ ఆ లింకు తెరిచి చూసే పిల్లవాణ్ణి నాకు చూపించండి! తెలిసిందీ తెలియనిదీ అది ఒకే గొంతుతో చెబుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

అందుకని పిల్లలకు నేను గూఢచారి విభాగాల పద్ధతి ఒకటి నేర్పుతున్నాను. చాలా దేశాల సైన్యాలు వాడేదే. వార్త తెచ్చినవాడికి ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం, వార్తకు 1 నుంచి 6 దాకా ఒక అంకె. రెండూ వేరువేరుగా వేయాలి, ఎందుకంటే నమ్మకస్తుడూ పొరపాటు పడవచ్చు, అబద్ధాలకోరూ ఒక్కోసారి నిజం చెప్పవచ్చు. ఎఫ్ అంటే చెడ్డవాడని కాదు, ఎలాంటివాడో తేల్చలేమని. యంత్రానికి ఏ అక్షరం వేయాలో పిల్లలు అరగంట కొట్లాడుకుని ఎఫ్ వేశారు. 1 వేయాలంటే సంబంధం లేని ఇంకొక చోట కూడా అదే మాట దొరకాలి. "రెండు వెబ్‌సైట్లలో ఉంది అంకుల్" అన్నాడొకడు. రెండోది మొదటిదాన్ని చూసి రాసిందేమో చూడమన్నాను. చివరికి ఆ అమ్మాయే రక్షణ శాఖ వారి గ్యాలంట్రీ అవార్డుల వెబ్‌సైటు తెరిచి మహావీర చక్ర అని చూపించింది.

1983 సెప్టెంబరు 26న సోవియట్ సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ పెట్రోవ్ డ్యూటీలో ఉండగా, అమెరికా నుంచి ఐదు క్షిపణులు వస్తున్నాయని ఉపగ్రహ వ్యవస్థ హెచ్చరించింది. నిజంగా యుద్ధమే అయితే ఐదింటితో ఎందుకు మొదలుపెడతారని ఆయన ఆలోచించాడు. భూమ్మీది రాడార్లలో ఏమీ కనిపించలేదు. తప్పుడు అలారమని పైకి రిపోర్టు చేశాడు. ఎత్తయిన మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఆ వ్యవస్థ క్షిపణులనుకుంది. ఈ కథ చెబితే మా అల్లరి మూక కూడా చప్పుడు చేయదు.

అయితే ఇందులో ఇంకో గొయ్యి ఉంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో వీడియో గేమ్ దృశ్యాలను యుద్ధ దృశ్యాలని జనం పంచుకున్నారు, పి.ఐ.బి. వారు ఖండించాల్సి వచ్చింది. అది చెప్పాక ఒక కుర్రాడు, "అయితే అన్నీ ఫేకే" అనేసి చేతులు దులుపుకున్నాడు. అన్నీ నమ్మినవాడిదీ, ఏదీ నమ్మనివాడిదీ ఒకటే బద్ధకం. ఇద్దరూ సరిచూసే పని తప్పించుకుంటున్నారు. ప్రతి కాల్‌నూ శత్రువుదే అనుకుంటే మా సెట్ ఎందుకు, పారేయవచ్చు.

2019-20 నుంచి సి.బి.ఎస్.ఇ. వారు తొమ్మిదో తరగతిలో దీన్ని ఒక సబ్జెక్టుగా పెట్టారు. సంతోషం. కానీ ఫోను చేతికొచ్చేది ఐదో తరగతిలోనే కదండీ. ఫోను లాక్కుంటే సరి అనే తల్లిదండ్రులతో కూడా నేను ఏకీభవించను. మా ఉస్తాద్ ఆ రాత్రి నా చేతిలోంచి సెట్ లాక్కున్నాడు గాని, తెల్లారాక మళ్ళీ నాకే ఇచ్చాడు.

ఆ అమ్మాయి నోటుబుక్కులో "పరమవీర" కొట్టేసి "మహావీర" అని రాసింది. మార్జిన్‌లో ఎక్కడ చూసిందో రాసి, తనే వెళ్ళి టీచరుకు చూపించింది. టీచరు సరిదిద్దినందుకు మెచ్చుకుని, తప్పు రాసినందుకు ఒక మార్కు తగ్గించారట. ఆ మార్కు గురించి వాళ్ళమ్మగారికి ఇంకా నా మీద కోపమే. ఈ సభలోనే ఉన్నారు, అందుకే అటువైపు చూడకుండా మాట్లాడాను. జైహింద్.