నియామక పత్రం ఉందా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉద్యోగుల తరఫున కేసులు వాదించే వకీలును. కొత్త కార్మిక చట్టాల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు. సెక్షన్లన్నీ చదివితే మీ చూపు భోజనాల వైపు మళ్ళుతుంది. అందుకని ఈ సభలో చాలామందికి సంబంధించిన టీచర్ల గ్రాట్యుటీతో మొదలుపెడతాను.

గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చింది. పది మంది, అంతకు మించి పనిచేసే విద్యాసంస్థలకు దాన్ని 1997 ఏప్రిల్ 3న వర్తింపజేశారు. అయినా 2004లో సుప్రీంకోర్టు, ఆ చట్టంలోని 'ఉద్యోగి' నిర్వచనంలోకి టీచరు రారని చెప్పింది. గుమాస్తాకు వస్తుంది, అటెండరుకు వస్తుంది, పాఠం చెప్పినవారికి రాదు! 2009లో పార్లమెంటు నిర్వచనాన్ని సవరించి, 1997 నుంచే వర్తిస్తుందని రాసింది. ప్రైవేటు యాజమాన్యాలు దాన్నీ సవాలు చేశాయి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చింది. అంటే ఒక చిన్న హక్కు టీచరు చేతికి రావడానికి పాతికేళ్ళు పట్టింది.

హక్కు వచ్చినా, దాన్ని అడగడానికి రుజువు కావాలి. ఒక ప్రైవేటు బడిలో 22 ఏళ్ళు లెక్కలు చెప్పిన మేడమ్ నా దగ్గరికి వచ్చారు. నియామక పత్రం లేదు. మొదటి చాలా ఏళ్ళు జీతం కవర్లో పెట్టి ఇచ్చారు. "ఆవిడ మా దగ్గర చేరి ఆరేళ్ళే" అంది యాజమాన్యం. అప్పుడు ఆదుకున్నది ఆవిడ పాత విద్యార్థులు. ఒకరు ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు తెచ్చారు, క్లాస్ టీచర్ సంతకం ఆవిడదే. ఇంకొకరు గ్రూప్ ఫొటో తెచ్చారు, వెనక సంవత్సరం రాసి ఉంది. అలా ఏళ్ళకు ఏళ్ళు కలిశాయి. చివరికి యాజమాన్యం రాజీకి వచ్చి మొత్తం సర్వీసుకు లెక్కగట్టింది. అందరికీ అలాంటి శిష్యులు దొరకరు కదా!

ఇక కొత్త సంగతి. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాలు, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత అనే ఈ నాలుగూ 29 పాత చట్టాల స్థానంలో నిలిచాయి. నా దృష్టిలో మనం గుర్తుపెట్టుకోవలసినవి నాలుగు.

మొదటిది, నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. రెండోది, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి అయిదేళ్ళు నిండనక్కర లేదు, ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ లెక్క వస్తుంది. మూడోది, మానేసినా, తీసేసినా రావలసిన జీతం రెండు పని దినాల్లో ఇవ్వాలి.

నాలుగోది, జీతం లెక్క. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంతా వేతనంలోనే కలుస్తుంది. నెలకు 26,000 ఇస్తూ బేసిక్ 8,000 మాత్రమే చూపించారనుకోండి. గ్రాట్యుటీ అంటే నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్ళతో గుణించడమే. ఇరవై ఏళ్ళకు 8,000 మీద వచ్చేది సుమారు 92,300 రూపాయలు. కొత్త లెక్కలో వేతనం 13,000 అవుతుంది, వచ్చేది 1,50,000. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే చెవి మెలేస్తారు.

అన్నీ తీపి కబుర్లే కావు. కార్మికుల తొలగింపునకు, ఫ్యాక్టరీ మూసివేతకు ప్రభుత్వ అనుమతి ఇదివరకు వంద మంది ఉంటే కావాలి, ఇప్పుడు మూడు వందల మంది ఉంటేనే కావాలి. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. కార్మిక సంఘాలు వీటిని గట్టిగా వ్యతిరేకిస్తున్నాయి. వారి భయం ఉత్తుత్తిది కాదు. మన పక్కనే, లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర, డీబీఆర్ మిల్లు సైరన్ విని గడియారం సరిచేసుకున్నవాళ్ళు మీలో ఉన్నారు. మిల్లు మూతపడితే ఎన్ని ఇళ్ళ పొయ్యిలు చల్లబడతాయో మనకు ఒకరు చెప్పనక్కర లేదు.

యాప్‌ల మీద బండ్లు నడిపేవారిని, ఇంటింటికీ అన్నం చేరవేసేవారిని చట్టం మొదటిసారి గిగ్ కార్మికులని పేరుపెట్టి గుర్తించింది. వారి సామాజిక భద్రతకు కంపెనీలు టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం ఇవ్వాలి. అశోక్‌నగర్‌లో పగలు కోచింగుకు వెళ్ళి, రాత్రి డెలివరీ చేసే పిల్లలు ఎందరో. ఇది వారి కోసం కూడా.

చివరగా మూడు మనవులు. ఉద్యోగంలో ఉన్నవారు ఈ వారమే నియామక పత్రం, జీతం చీటీలు, పీఎఫ్ వివరాలు ఒక ఫైల్లో పెట్టండి. పత్రం లేకపోతే మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి.

మనలో దుకాణాలు, ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, బళ్ళు నడుపుతున్నవారూ ఉన్నారు. అడిగించుకోకుండా ఇవ్వండి. ఒక్క కాగితానికి మీకయ్యే ఖర్చు చాయ్ ధర కూడా ఉండదు. తీసుకున్నవారికి అది ముసలితనపు భరోసా.

మూడోది మన సంఘానికి. బడి పాత గ్రూప్ ఫొటోలు, హాజరు పుస్తకాలు చెదలు పట్టకముందే స్కాన్ చేయించి దాచండి. రేపు ఏ టీచరుకో, ఏ ఆయమ్మకో అవి సాక్ష్యమవుతాయి.

అప్పటికీ న్యాయం జరగకపోతే దూరం పోనక్కర లేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరే కార్మిక శాఖ కార్యాలయం ఉంది. ఆల్విన్ కార్మికుడిగా బతుకు మొదలుపెట్టి ముఖ్యమంత్రి అయిన టి. అంజయ్య పేరే ఆ భవనానికి పెట్టారు. ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళవచ్చు. వెళ్ళేటప్పుడు కాగితాలు మాత్రం మరవకండి.

సెలవు.