చేయి దూరని చోట



వనస్థలిపురంలో మా అబ్బాయి పరీక్షకు బయలుదేరే వేళకు మావారి పాత చేతక్ స్కూటరు మొరాయించింది. కుడివైపు ఇంజను మూత తీసి, ప్లగ్గు విప్పి, మసి తుడిచారు. తిరిగి బిగించడానికి ఆ ఇరుకులో ఆయన చేయి పట్టలేదు. కంగారుగా పానా అందుకున్నారు.

"ఆగండి!" అన్నాను. అంతకు ముందేడు అలాగే బలవంతాన బిగిస్తే, అల్యూమినియం హెడ్డులో మర చెడి ఖర్చయింది మరి!

గాజులు తీసి పక్కన పెట్టాను. జానెడు పాత పెట్రోలు గొట్టం ముక్కను ప్లగ్గు పైకొసకు తొడిగి, లోపలికి దించి, వేళ్ళతో తిప్పాను. ప్లగ్గు సూటిగా ఉంటే సులువుగా ఎక్కుతుంది. వంకరపోతే గొట్టమే జారుతుంది, మర చెడదు. ఆఖర్న మాత్రమే పానా.

అబ్బాయి వేళకు చేరాడు. ఇంజను వేడిగా ఉంటే మాత్రం చల్లారాకే చేయి పెట్టండి. ఇనుప నట్టు జారిపడితే, దారం కట్టిన అయస్కాంతం దించండి. రెండూ పనిముట్ల సంచిలో వేసి ఉంచుకోండేం! సెలవు.