పుచ్చుకునే చెయ్యి కూడా ఇస్తుంది
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



పాఠాలు చెప్పడం నా వృత్తి కనుక ఒక పాఠంతోనే మొదలుపెడతాను.

మన వరంగల్ చుట్టుపక్కల పత్తి చేలల్లో మధ్యమధ్య కంది సాళ్లు వేస్తారు. పూతకు వచ్చిన కంది మొక్కను మట్టితో సహా మెల్లగా తవ్వి తీస్తే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనబడతాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థమే ఆ రంగుకు కారణం. ఆ బుడిపెల్లో రైజోబియం అనే బాక్టీరియా కాపురముంటుంది. గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఈ సూక్ష్మజీవి దాన్ని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మార్చి ఇస్తుంది. మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెరను దానికి పంపుతుంది. ఇందులో దాత ఎవరు, గ్రహీత ఎవరు? తేల్చలేం, తేల్చనక్కరలేదు.

మరో సంగతి. యూరియా దండిగా చల్లిన నేలలో ఈ బుడిపెలు తక్కువ పుడతాయి. కావలసిందంతా బయటినుంచే దొరికితే మొక్కకు ఆ చెలిమితో పనేముంది?

మన పల్లెల్లో నాట్లప్పుడు బదులు పోతారు. ఈ రోజు నీ పొలంలో నేను, రేపు నా పొలంలో నువ్వు. అక్కడ ఎవరూ తల దించుకోరు.

ఇక మన సొసైటీ సంగతి. ఆకలితో ఉన్న ఇంటికి, రోగికి ఇచ్చే జకాత్‌కు ఏ బదులూ అడగకూడదు. ఏడాది నిలిచిన సొమ్ములో ఆ రెండున్నర శాతం వారి హక్కు. ఇచ్చి దెప్పడం దానాన్ని వ్యర్థం చేస్తుందని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో హెచ్చరించింది. ఫీజు సాయం అందుకునే పిల్లల విషయంలో మాత్రం నాదొక మనవి. వారిని వేదిక మీదికి పిలిచి, చెక్కు చేతిలో పెట్టి ఫోటో తీయించడం మానుదాం. ఆ ఫోటో తోటి పిల్లలు చూస్తారేమోనని పదిహేనేళ్ల ఆడపిల్ల ఎంత ముడుచుకుపోతుందో టీచర్లకు తెలుసు.

దానికి మారుగా వారిని మన పనిలోకి పిలుద్దాం, షరతుగా కాదు, ఆహ్వానంగా. ఇంటర్ చదివే అమ్మాయి ఆదివారం ఒక గంట నాలుగో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు. డిగ్రీ కుర్రాడు మనలో పెద్దవారికి పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో నింపి పెట్టవచ్చు. తెలుగు చదవడం రాని అమ్మలకు ఆసుపత్రి కాగితాలు చదివి చెప్పవచ్చు. ఇంటి పనివల్ల రాలేని పిల్లలకు సాయం ఒక్క రూపాయి తగ్గకూడదు.

దాతలారా, అప్పుడు మీరిచ్చిన రూపాయి ఒక ఫీజు కట్టి ఆగిపోదు. అందుకున్న బిడ్డ కూడా తలెత్తుకుని, ఈ సొసైటీ నాది అంటుంది. రేపు మన తరువాత దీన్ని నడిపేది ఆ బిడ్డలే.

అల్లాహ్ మన అందరి శ్రమనూ స్వీకరించుగాక. ఆమీన్.