సోలాపురమునకు పోయిన మగ్గము

1915లో ఆసిఫాబాదు సీమలోని వాంకిడి గ్రామమున పద్మశాలి కుటుంబమున జన్మించి, న్యాయవాదియై, నిజాము పాలన నెదిరించి, చేనేత సహకారోద్యమమును జీవితకార్యముగా స్వీకరించి, 1969లో తెలంగాణము కొరకు మంత్రిపదవిని విడిచి, 2012లో పరమపదించిన కొండా లక్ష్మణ్ బాపూజీ స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసమునకు ఏ విషయము తగునని యోచించినపుడు, ఆయన చరిత్రనే మరల చెప్పుటకంటె, ఆయన ఏ జనము కొరకు పాటుపడెనో ఆ జనములో పొట్ట చేతబట్టుకొని పొలిమేర దాటినవారి కథ చెప్పుటయే ఉచితమని నాకు తోచినది.

హైదరాబాదులోని ఈ మియాపూరునకు కూతవేటు దూరమున పోవుచున్న రహదారిని మీరందరు బొంబాయి రోడ్డనియే పిలుతురు. మచిలీపట్నమును పుణెతో కలుపు 65వ జాతీయ రహదారి అది. మెట్రో స్తంభములను మియాపూరు వద్దనే విడిచిపెట్టి, పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాదు దాటి, సుమారు 300 కిలోమీటర్ల కావల అది సోలాపురమును చేరును. ఆ నగరపు తూర్పుపేటలలో దిగినవాడు తెలుగున చాయ అడిగి త్రాగవచ్చును. మార్కండేయస్వామి గుడికి దారి తెలుగుననే తెలిసికొనవచ్చును. దసరాకు ముందు వెళ్లినచో బతుకమ్మ పాట వినవచ్చును. మహారాష్ట్రమున ఇంత తెలుగు ఎట్లు వచ్చి చేరినది?

గుడ్డ నేయుటకు వచ్చినది. సోలాపురమునకు 1860లో రైలుమార్గము వచ్చెను. 1876 మొదలు రెండేండ్లు దక్కనును క్షామము పీడించెను. 1877లో అచ్చట తొలి నూలుమిల్లు వెలసెను. ఈ మూటి పౌర్వాపర్యమును గమనించినచో వలస కారణము సగము బోధపడును. ఒకవైపు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములలో సీమగుడ్డ దెబ్బకు మగ్గము కుంటువడి, దొరగారి ఇంటికి గుడ్డ ఊరక నేసిపెట్టవలసిన వెట్టి తప్పక, షావుకారు బాకీ తరుగక సాలెవాడు సతమతమగుచుండగా, మరొకవైపు మిల్లునూలు చౌకగా దొరకునదియు, తొమ్మిదిగజముల చీర కట్టు మరాఠీ స్త్రీలు కొనుగోలుదారులుగా కలదియు, నిజాము సరిహద్దునకు కొంచెమే ఆవల బ్రిటిషు పాలనలో నున్నదియు నగు పట్టణమొకటి కనబడినపుడు, అతడు అచ్చటికి నడిచిపోవుటలో వింత యేమున్నది? ముందొకడు పోయెను, వాని వెంట బావమరిది, వాని వెంట ఊరిలో సగము వాడ పోయెను. మిల్లులో కూలికి చేరినవారు కొందరు. మగ్గము మరల నిలుపుకొన్నవారు కొందరు.

ఈ సందర్భమున ప్రపంచచరిత్రలోని మరియొక వలసను స్మరింతును. రెండవ ప్రపంచయుద్ధమున యూరపులో 60 లక్షల మంది యూదులు హతులైన పిమ్మట, చావక మిగిలినవారు అమెరికాకును, ఆస్ట్రేలియాకును, 1948లో ఏర్పడిన ఇజ్రాయేలునకును చెదరిపోయిరి. వారిలో ఎందరో పట్టుకొన్న పని బట్టలపని. హంగేరీలో పుట్టిన లియా గాట్లీబ్ అను ఆమె నాజీల కంటబడకుండ పూలగుత్తిని మొగమున కడ్డము పెట్టుకొని సంచరించి ప్రాణము దక్కించుకొన్నదని చెప్పుదురు. 1949లో భర్తతో ఇజ్రాయేలు చేరి, తమకు తెలిసిన విద్య గనుక వానకోటుల కర్మాగారము పెట్టినది. ఆ దేశమున నెలల తరబడి వాన లేదు! కనుక వానకోటులు మాని, పెండ్లి ఉంగరమమ్మి గుడ్డ కొని, ఈతదుస్తులు కుట్ట మొదలిడి, 1956లో గాటెక్స్ అను సంస్థను నెలకొల్పి ప్రపంచఖ్యాతి గాంచినది. ఆమె గుడ్డలపై పూలు విరివిగా నుండుటకు ఆ పూలగుత్తియే మూలమందురు. బుడాపెస్టులో చేతిసంచుల పని నేర్చిన జుడిత్ లైబర్ 1947లో న్యూయార్కు చేరి, పరుల కొలువున చాలకాలము పనిచేసి, 1963లో స్వంత సంస్థ నారంభించినది. మెల్బోర్నులోని ఫ్లిండర్స్ లేనులో ఇట్టి దుకాణములు వీధి నిండ నుండెడివి.

ఈ రెండు వలసలను ఒకే తక్కెడలో తూచుట అపచారము. వారు మారణహోమము నుండి పారిపోయిరి, మనవారు ఆకలి నుండియు అప్పు నుండియు. అయినను బట్టలపనియే ఏల అను ప్రశ్నకు సమాధానము మాత్రము రెండుచోట్ల నొక్కటియే. భూమిని మోసికొనిపోలేము, పట్టా పొలిమేర దాటిన చెల్లదు, వకీలుకు కొత్తదేశపు చట్టము, వైద్యునకు కొత్తదేశపు సన్నదు కావలెను. కుట్టుపనికి, నేతపనికి వ్రేళ్లు చాలును. మొదటి పెట్టుబడియో, బ్యాంకు ఇయ్యదు గాని, తన కులమువాడు, తన ఊరివాడు మాటమీద ఇచ్చును. ఆ మాటయే వలసవాని మూలధనము. ఇంతవరకు చరిత్రకారులు చక్కగా చెప్పిరి. ఆ మాటయే వాని సంకెలయు నగునని చెప్పుటకు నేనీ వేదిక నెక్కితిని.

సోలాపురపు చద్దరును మీరెరుగుదురు. మీ ఇంటిలో, అటక మీదనో పాత పెట్టెలోనో, ఒకటి ఉండియే యుండును. బరువైన నూలుగుడ్డ, కంటికి కొట్టవచ్చు రంగులు, రెండు ప్రక్కల కనబడు నెమలి. ఆ నెమలి మగ్గము మీద ఎట్లు వ్రాలునో ఒకమారు చూడుడు. మొదట చిత్రమును గళ్ల కాగితముపై గడిగడిగా దింపుదురు. ఆ గడుల ననుసరించి దళసరి అట్టలకు బెజ్జములు కొట్టి, ఆ అట్టలను వరుసగా దారముతో కుట్టి, మాలవలె మగ్గము నెత్తిన గల జకార్డు అను యంత్రమునకు తగిలింతురు. నేతగాడు తొక్కుడుపలకను త్రొక్కిన ప్రతిమారు ఒక అట్ట తిరుగును. బెజ్జమున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట నిలిచిపోవును. ఆ సందున నాడె దూసికొనిపోయి పేకపోగును విడుచును. నెమలి ముక్కు నుండి పింఛపు తుద వరకు నేయుటకు ఎన్ని అట్టలు తిరుగవలెనో, అన్నిమార్లు నేతగాని కాలు క్రిందికి పోవలెను. బెజ్జము ఉన్నది, లేదు అను రెండు మాటలతోనే సమస్తమును చెప్పు యంత్రము అట్లు సాలెవాని నడవలో దడదడలాడినది. ఆ రెండు మాటలనే నమ్ముకొని ఈ మియాపూరు చుట్టుప్రక్కల అద్దాల మేడలలో కంప్యూటర్ల ముందు లక్షలాది యువజనులు జీవించుచున్నారు గనుక, వారికి ఈ జకార్డు పరాయిది కారాదు.

ఆ నడవ ఎవరిది? కార్ఖానాదారునిది. అతడును మన పద్మశాలియే. తానో తన తండ్రియో కూలిగా వచ్చి, నాలుగు మగ్గములు కూడబెట్టి యజమానియైనవాడు. క్రొత్తగా ఊరినుండి వచ్చిన కుటుంబమునకు పని చూపినవాడు, తల దాచుకొన చోటిచ్చినవాడు, బిడ్డ పెండ్లికి బయానా, అనగా ముందస్తు అప్పు, ఇచ్చినవాడు అతడే. బయానా తీరువరకు మరియొక కార్ఖానాకు పోరాదు. అది తీరునది కాదు. డి.ఆర్. గాడ్గిల్ ఆధ్వర్యమున సోలాపురమును పరిశీలించి 1965లో వెలువరించిన గ్రంథమునను, డగ్లస్ హేన్స్ అను అమెరికను చరిత్రకారుడు పశ్చిమ భారతపు చిన్నపట్టణముల వస్త్రోత్పత్తిపై 2012లో ప్రకటించిన గ్రంథమునను ఈ కార్ఖానాల వ్యవస్థ వర్ణింపబడినది. సిరిసిల్లలో మగ్గములు నడుపు ఆసామికిని కార్మికునికిని నడుమ గల బాకీ సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. షావుకారు బాకీని తప్పించుకొనపోయినవాడు అన్న బాకీలో చిక్కెను.

ఇక స్త్రీ. చద్దరుపై ఆమె పేరు లేదు. కండెలు చుట్టినది ఆమె, నూలు ఆరబెట్టినది ఆమె. మగ్గముపై వచ్చినది చాలనపుడు తునికాకు తెచ్చుకొని, కత్తిరించి, పొగాకు నింపి, దారము చుట్టి బీడీలు చేసి, ఇల్లు నడిపినదియు ఆమెయే. సోలాపురపు బీడీకార్మికులలో మిక్కిలి సంఖ్య తెలుగు స్త్రీలదే. యజమాని తెలుగువాడైనను కాకున్నను తమ కూలి తామే అడుగవలెనని మొదట గట్టిగా గ్రహించినది వారని నా అభిప్రాయము. కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడం నాయకత్వమున వారు పోరాడి, నగరము చెంతనున్న కుంభారి వద్ద కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేర 10,000 ఇండ్ల కాలనీ సాధించిరి. 2006లో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ వచ్చి ఆ ఇండ్లనందజేసెను. కార్ఖానాదారుల మేడలకంటె ఈ కాలనీయే సోలాపురపు తెలుగువారి ముఖ్యనిర్మాణమని నేనందును. ఒప్పుకొననివారు ఒప్పుకొనకుందురు గాక.

రాజకీయమున మనవారు వెనుకబడలేదు. గంగాధర్ కుచన్, ధర్మణ్ణ సాదుల్, లింగరాజ్ వల్యాల్ ఆ నగరము నుండి లోకసభకు పోయిరి. ఇక వ్యాపారమున, చద్దరునకును టెర్రీ తువ్వాలకును భౌగోళిక సూచిక 2005-06లో లభించినది. అయినను చౌకనకళ్లను ఆ గుర్తింపు ఆపలేకపోయినది. నేడు సాంచాలలో, అనగా మరమగ్గములలో, తువ్వాలలదే పైచేయి. చద్దరు నేయు మగ్గములు తగ్గుచున్నవి. కొందరు బడిపిల్లల యూనిఫారములు కుట్టు పనికి మళ్లి, దేశమంతటికి పంపుచున్నారు. వాన లేనిచోట వానకోటు మానుకొన్న ఆ హంగేరీ యువతి వివేకము మనవారికిని కొరవడలేదన్నమాట.

అయితే వ్రాయబడిన చరిత్ర చాలవరకు కార్ఖానాదారుని దుకాణపు బోర్డునే చూచి వ్రాసినది. నేతగాని పక్షమున గట్టి సాక్ష్యము బయానా పుస్తకము. ఎవరికి ఎంత ఇచ్చిరి, వారమునకు ఎంత కోసిరి, ఏ పెండ్లికి, ఏ జబ్బుకు ఆ అప్పు పెరిగినది అందే యున్నది. బహుశః తెలుగుననో మరాఠీవారి మోడీలిపిలోనో వ్రాసి, నూనెమరకలతో, ఎలుకలు కొరికి, ఎక్కడో మూలపడి యుండును. ఈ సభలో సిరిసిల్ల వారున్నారు, నల్లగొండ వారున్నారు, సోలాపురమున మేనత్తయో చిన్నాయనయో గలవారున్నారు. అట్టి పుస్తకమొకటి మీ బంధువుల ఇంట కనబడినచో దయచేసి పాత కాగితాలవానికి తూకమున వేయనీయకుడు. ఏ గ్రంథాలయమునకైనను చేర్చుడు. బీడీలు చుట్టిన ముసలమ్మ ఇంకను మాటాడగల స్థితిలో నున్నచో, ఈ దసరా సెలవులలోనే వెళ్లి ఆమె చెప్పునది వ్రాసికొనుడు.